నూకయ్య పట్టిన గేరు

పొద్దున వేళ. సన్నగా వాన. కొండ మీద మబ్బు నేలకి దిగి ఉంది.

అలాంటి రోజున జరిగింది ఈ కథ. ఏ ఏడాది అని అడగొద్దు. కొండకి రోడ్డు కొత్త, రోడ్డుకి కారు కొత్త అయిన కాలం. చెప్పినవాళ్ళు పోయారు. విన్నవాళ్ళం మిగిలాం.

చింతలోవ కొండ మీద ఒక దొర ఉండేవాడు. కాఫీ తోట దొర. ఆయనకి ఒక కారు. ఓడలో వచ్చిన కారు. ఎర్రటిది, పొట్టిది, పైన కప్పు లేనిది. పందెపు గుర్రంలా ముక్కు పొడుగు. ఇద్దరే కూర్చోవాలి. దొర దాన్ని సరదాకి తోలాడు. కారులో గేరుబాక్సు పళ్ళు రాలిపోయాయి. దొర సరదా తీరి తన దేశం వెళ్ళిపోయాడు. కారు మాత్రం కాఫీ గింజలు ఆరబెట్టే పాకలో ఉండిపోయింది. సీట్ల మీద కోళ్ళు గుడ్లు పెట్టేవి.

ఆ కొండ మీదే నూకయ్య ఉండేవాడు. కాఫీ పళ్ళ తొక్క ఒలిచే మిషను తిప్పేవాడు. ఆగిపోతే బాగుచేసేవాడు. పొట్టి మనిషి. తక్కువ మాట. ఏం చేసినా నెమ్మది. అన్నం తినడం కూడా నెమ్మదే. అతని పెళ్ళాం తొలి కాన్పుకి డోలీలో కొండ దిగుతూ దారిలో పోయింది. ఆ సంగతి అతను ఎవరితోనూ అనేవాడు కాదు.

కొండ మీద ఎవరికేం వచ్చినా డోలీయే. కర్రకి దుప్పటి కట్టి, ముందొకరు, వెనకొకరు మోసుకుంటూ దిగాలి. పొద్దున బయల్దేరితే పొద్దుగూకేసరికి కింద ఊరు. కొందరు చేరేవారు. కొందరు చేరేవారు కాదు.

ఒకనాడు లోయలో సామాన్ల వ్యాను ఒకటి బోల్తా పడింది. మనుషులు బతికారు. వ్యాను బతకలేదు. దాని యజమాని వచ్చి చూసి, "ఇంక నాకొద్దు, ఎవరికేం కావాలో పట్టుకుపోండి" అని వెళ్ళిపోయాడు. అందరూ దిగారు. ఒకడు గుడిసె మీదికి రేకు తెచ్చుకున్నాడు. ఒకడు గడ్డం గీసుకోడానికి అద్దం తెచ్చుకున్నాడు. నూకయ్య గేరుబాక్సు విప్పుకున్నాడు.

దాన్ని డోలీ కట్టి ఎక్కించారు. ముందు నూకయ్య, వెనక బొజ్జన్న. బొజ్జన్న ఒకప్పుడు దొరకి డ్రైవరు. తోలడానికి బండి లేక తోటలో కలుపు తీస్తున్నాడు.

దారిలో సీతాలు ఎదురైంది. మొగుడు పోయిన మనిషి. చిలకమ్మ అని ఒక్క కూతురు. నోరు మంచిది కాదు, మనసు మంచిది.

"ఏట్రా, మనిషి దిగే డోలీలో ఇనుము ఎక్కుతున్నాది?" అంది. "దీనికి జ్వరమా, నొప్పులా?"

"నొప్పులేనప్పా," అన్నాడు బొజ్జన్న చెమట తుడుచుకుంటూ. "దీనికి కాదు, నాకు."

ఆ గేరుబాక్సు పెట్టెలో అయిదు గేర్లు ఉన్నాయి. కారు పాత పెట్టెలో ఉన్నవి నాలుగే.

నూకయ్య కోళ్ళని తోలి, దొర కారుకి దాన్ని బిగించే పని మొదలెట్టాడు. ఇంజను బోల్టులు ఒక చోట, పెట్టె కన్నాలు ఒక చోట. కలవలేదు. మధ్యలో ఇనప పలక పెట్టి కొత్త కన్నాలు వేశాడు. చలికాలం పోయింది.

"అయిదోది ఏటికిరా?" అని అడిగారు జనం.

"ఉన్నాది కదా. ఉండనీ," అన్నాడు నూకయ్య.

పెట్టె పొడుగు. కారు కింద పట్టలేదు. నేల రేకు కోశాడు. ఎండాకాలం పోయింది.

"కొండ మీద మూడో గేరుకే దిక్కు లేదు. అయిదోది ఏటికిరా?"

"ఉన్నాది కదా. ఉండనీ."

వెనక చక్రాలకి పోయే షాఫ్టు పొడుగెక్కువైంది. కోశాడు. అతికాడు. వంకర వచ్చింది. విప్పాడు. మళ్ళీ కోశాడు, మళ్ళీ అతికాడు. వానలు వచ్చేశాయి.

"ఒరే నూకయ్యా," అంది సీతాలు, "ఈ కారు కదిలేసరికి నా కూతురికి మనవలు పుడతారు. ఆ అయిదోది పీకి నాకియ్యి, పచ్చడి నూరుకుంటాను."

"ఉన్నాది కదప్పా. ఉండనీ," అన్నాడు నూకయ్య.

చివరికి ఒక్కటే మిగిలింది. గేరు మార్చే లివరు. కొత్త పెట్టె లివరు సరిగ్గా సీటు కిందికి వచ్చింది. దాన్ని వంచితే గాని లాభం లేదు. లివరునీ, అది కూర్చునే మూతనీ విప్పి కింద ఊరి కమ్మరికి పంపాడు.

సరిగ్గా అప్పుడే, పురిటికి పుట్టింటికి వచ్చిన చిలకమ్మకి నొప్పులు మొదలయ్యాయి. పగలు గడిచింది. రాత్రి గడిచింది. బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని బయటికి వచ్చి చేతులు తుడుచుకుంది.

"నా వల్ల కాదు సీతాలూ. కిందికి దింపు. ఎంత బేగి దింపితే అంత మంచిది."

డోలీ కట్టారు. మోసేవాళ్ళు వెళ్ళి చూసి వెనక్కి వచ్చారు. కాలిదారికి అడ్డంగా పారే గెడ్డ పొంగింది. ఏనుగు దిగినా నిలవదు. ఇక మిగిలింది రోడ్డు. రోడ్డున నడిచి దిగితే మర్నాటికి గాని చేరరు. మర్నాటిదాకా చిలకమ్మ ఆగదు.

సీతాలు వానలో పాక దగ్గరికి వచ్చింది.

"నూకయ్యా, నీ కారు కదుల్తాదా?"

"కదుల్తాది. గేరు మార్చడానికి లివరు లేదప్పా. కమ్మరి దగ్గరున్నాది."

బొజ్జన్న తల అడ్డంగా ఊపాడు. "బ్రేకు మీద ఘాటీ రోడ్డు దిగితే సగం దారికే బ్రేకు కాలిపోతాది. కింద దాకా రెండో గేరులోనే ఉండాలి. లివరు లేకుండా ఎలాగ?"

నూకయ్య కారు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. అతను ఏదైనా నెమ్మదే కదా.

"గేరు నాను పడతాను," అన్నాడు.

"దేంతోటి?"

నూకయ్య కుడి చెయ్యి చూపించాడు.

ఇది వినండి. మూత తీస్తే గేరుబాక్సు మీద బెత్తెడు కన్నం. లోపల మూడు కడ్డీలు. కడ్డీని ముందుకీ వెనక్కీ తోస్తే గేరు మారుతుంది. కాని ఆ కడ్డీ జారకుండా నొక్కిపట్టే స్ప్రింగు మూతలో ఉంటుంది. మూత లేదు. పల్లంలో దిగుతుంటే కడ్డీ జారిపోతూనే ఉంటుంది. పట్టుకోవాలి. దాని కిందే పళ్ళ చక్రాలు తిరుగుతుంటాయి, సలసలా కాగే నూనెలో.

"చెయ్యి పోతాదిరా," అన్నాడు బొజ్జన్న.

"ఇంకోటి ఉన్నాది కదా," అన్నాడు నూకయ్య.

చిలకమ్మని సీట్లో కూర్చోబెట్టారు. నూకయ్య రెండు సీట్ల మధ్య ఒక పక్కకి ముడుచుకుని పడుకున్నాడు. అతని తల చిలకమ్మ పాదాల దగ్గర. అతని చెయ్యి కన్నంలో. సీతాలుకి చోటు లేదు. ఆమె కారు ముక్కు మీద చెయ్యి వేసి, "ఎవర్నీ దారిలో ఒగ్గేయకు బొజ్జన్నా," అంది. అంతే అంది.

మూడు ఒంపులు ఆ ఘాటీకి.

మొదటిది రాళ్ళొంపు. పైనుంచి రాళ్ళు దొర్లుతున్నాయి. "నూకయ్యా, ఉన్నావా?" అన్నాడు బొజ్జన్న. "ఊఁ" అని వినిపించింది కింద నుంచి. గేరు జారలేదు.

రెండోది నీళ్ళొంపు. రోడ్డు మీద ఏరు పారుతోంది. చక్రాలు మునిగాయి. బ్రేకు పట్టడం మానేసింది. "నూకయ్యా, ఉన్నావా?" "ఊఁ." ఈసారి చిన్నగా. గేరు జారలేదు.

మూడోది పులొంపు. నిట్టనిలువు పల్లం. పక్కన లోయ, లోయలో మబ్బు. గేరు జారితే కారు మబ్బులోకే. "నూకయ్యా, ఉన్నావా?"

పలుకు లేదు.

"నూకయ్యా?"

పలుకు లేదు. కాని గేరు జారలేదు.

ఎందుకు పలకలేదో చిలకమ్మ తరవాత చెప్పింది. కన్నంలోంచి పొగ వస్తోందిట. అతని చెయ్యి మోచేతి దాకా నూనె. అతను ఆమె చీర కుచ్చిళ్ళు పళ్ళతో కరిచిపట్టుకుని ఉన్నాడుట. కేక వస్తే బొజ్జన్న బెదురుతాడని. బొజ్జన్న బెదిరితే చేతిలో స్టీరింగు తప్పుతుందని. "ఆయన్ని చూస్తుంటే నా నొప్పి నాకు తెలీలేదు," అనేది చిలకమ్మ. బతికినన్నాళ్ళూ ఆ మాటే అనేది.

ఘాటీ అయిపోయింది. వాన కూడా వెనకపడింది. ముందు తిన్నటి రోడ్డు. ఆసుపత్రి ఇంకా చాలా దూరం. చిలకమ్మ కళ్ళు మూతలు పడుతున్నాయి.

బొజ్జన్న క్లచ్చి తొక్కాడు. "మూడు," అన్నాడు. కింద చెయ్యి కదిలింది. మూడు పడింది.

"నాలుగు." నాలుగు పడింది. ఇంజను గొంతు చించుకుంటోంది. ఇంతకన్నా ఎక్కువ ఏ నాడూ పోలేదు ఆ కారు.

బొజ్జన్న తన జన్మలో అనని మాట అప్పుడు అన్నాడు.

"అయిదు."

కింద చెయ్యి కదిలింది.

ఇంజను అరుపు ఆగిపోయింది. తేనెటీగలా సన్నటి పాట మిగిలింది. చిలకమ్మ కళ్ళు తెరిచింది.

"ఏటి మావా, ఆగిపోయిందా?"

"లేదమ్మా," అన్నాడు బొజ్జన్న. "చెట్లు సూడు."

చెట్లు చెట్లలా లేవు. పచ్చటి గోడలా పోతున్నాయి.

ఆడపిల్ల పుట్టింది. తల్లీ బతికింది, పిల్లా బతికింది. ఆసుపత్రి వాళ్ళు చిలకమ్మని లోపలికి తీసుకుపోయాక గాని నూకయ్య చెయ్యి బయటికి రాలేదు. వేళ్ళు కడ్డీని వదల్లేదు. బొజ్జన్న ఒక్కొక్క వేలూ విడదీశాడు. విడదీస్తూ ఏడ్చాడు.

కొన్నాళ్ళకి లివరు బిగించుకుని కారు కొండ ఎక్కింది. సీతాలు ఘాటీ పైన నిలబడి ఉంది. రోజూ అక్కడే నిలబడేది. కారు ఆగింది. ఆమె వేళ్ళు మడిచింది. బొజ్జన్న ఒకటి. చిలకమ్మ రెండు. గుడ్డలో పసిది మూడు. చిలకమ్మ పిల్లని అందించింది. సీతాలు చేతులు చాపలేదు. రోడ్డు వైపే చూస్తోంది.

బరువు తగ్గించడానికని ఆఖరి ఎత్తులో దిగిపోయిన నూకయ్య, చేతికి కట్టుతో, మలుపు తిరిగి నెమ్మదిగా నడిచి వచ్చాడు.

"నాలుగు," అంది సీతాలు. అప్పుడు ఎత్తుకుంది మనవరాల్ని.

ఆ చెయ్యి మళ్ళీ తెరుచుకోలేదు. బతికినన్నాళ్ళూ ఏదో పట్టుకున్నట్టే ఉండేది. నూకయ్య ఎడం చేత్తో మిషను తిప్పాడు, ఎడం చేత్తో అన్నం తిన్నాడు, ఇంకా నెమ్మదిగా. ఆ కారులో ఎందరో తల్లులు కొండ దిగారు, పిల్లలతో ఎక్కారు. నూకయ్య ముసలివాడై ఒక మధ్యాహ్నం నిద్రలో పోయాడు. చిలకమ్మ కూతురు వచ్చింది. కారు లివరు మీది గుండు విప్పి తెచ్చి, మూసుకున్న ఆ చేతిలో పెట్టింది. సరిగ్గా పట్టింది. అలాగే సాగనంపారు.

ఇప్పటికీ ఆ ఘాటీ పైన బండి ఆపని డ్రైవరు లేడు. లారీ అయినా, బస్సు అయినా. రెండో గేరు వేసి, లివరు మీద చెయ్యి ఉంచి, "నూకయ్యా, నువ్వూ పట్టు" అంటారు. అప్పుడు దిగుతారు. కింద తిన్నటి రోడ్డు మీద అయిదో గేరు పడ్డాక గాని పాటలు పెట్టరు.

ఇళ్ళ దగ్గర ఆడవాళ్ళు దిగినవాళ్ళని లెక్కపెడతారు. ఒకటి ఎక్కువ లెక్కపెడతారు.

మొన్నటి గాలివానలో మా వాళ్ళు ఆ ఘాటీ దిగారు. చీకటి పడేదాకా ఫోను కలవలేదు. జీపు వచ్చి ఆగింది. గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. మా ఆయన ఒకటి. పెద్దాడు రెండు. పిల్ల మూడు, చెప్పులు చేత్తో పట్టుకుని. మా ఆడపడుచు నాలుగు. జీపు తోలిన అబ్బాయి అయిదు.

నూకయ్య ఆరు.