కొండెక్కేటప్పుడు ముల్లు

నూకన్న మేస్త్రీని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పడు. చేతికి ఒక పానా ఇచ్చి పద అంటాడు. గాజువాక ఆటోనగర్‌లో ఆయన షెడ్డు పక్కనే పాతికేళ్లుగా హోసుపైపుల కొట్టు నడుపుతున్నవాణ్ణి కాబట్టి ఈ మాట నేను ధైర్యంగా చెప్పగలను. పిస్టను రింగులు ఎందుకు అరుగుతాయి మేస్త్రీ అని ఒకప్పుడు మాటవరసకి అడిగిన పాపానికి, మధ్యాహ్నం భోజనాల వేళ దాకా నాచేత ఒక పాత ఇంజన్ విప్పించాడు. ఆనాటి నుంచి ఎండా వానా సంగతి తప్ప ఆయన్ని నేనేమీ అడగను.

టర్బో కార్లకు ఆయన పెట్టింది పేరు. రోజూ ఆఫీసుకి వేసుకెళ్లే కార్లకే ఇంకాస్త బలం పెంచి ఇమ్మని ఎక్కడెక్కడి నుంచో వస్తారు. బలం పెంచడం పెద్ద విద్య కాదు. టర్బో చేత ఇంజన్‌లోకి ఇంకొంచెం గాలి తోయిస్తే ఎవడి బండైనా ఎగిరి గంతేస్తుంది. ఆ గాలికి తగినంత పెట్రోలు అందించడంలోనే విద్య అంతా ఉంది. గాలి పెరిగి పెట్రోలు చాలకపోతే ఇంజన్ మొదట ఏ గొడవా చెయ్యదు. పైగా ఇంకా తేలిగ్గా, హుషారుగా లాగుతున్నట్టు ఉంటుంది. ఆ తర్వాత పిస్టను కరిగిపోతుంది. అందుకే మేస్త్రీ పెట్రోలు పంపు సంగతి తేల్చకుండా టర్బో మీద చెయ్యి వెయ్యడు.

ఆయన శిష్యుడు గౌరునాయుడు. ముప్పై అయిదేళ్లవాడు, పదేళ్లుగా ఆ షెడ్డులోనే ఉన్నాడు. ఇప్పుడు పనిలో గురువుకి తీసిపోడు, కాకపోతే గురువు ఆ మాట ఒప్పుకోడు. గౌరునాయుడికి సాలూరులో ఒక తమ్ముడు ఉండేవాడు, తవిటినాయుడని, లారీ డ్రైవరు. పక్షవాతంతో మంచం పట్టిన తల్లి ఆ తమ్ముడి ఇంట్లోనే ఉంటుంది. లారీ దిగితే ఎకరన్నర పొలం, పొలం నుంచి వస్తే తల్లిని ఎత్తి కూర్చోబెట్టి స్నానం చేయించడం, ఆ పైన ఇద్దరు పిల్లలు. ఇన్నిటినీ నవ్వుతూ మోస్తున్నాడని అందరూ మెచ్చుకునేవాళ్లు. మెచ్చుకుని ఇంకో పని చెప్పేవాళ్లు. పోయిన ఆషాఢంలో అతను ఘాటీ రోడ్డు దిగి, లారీని పద్ధతిగా రోడ్డు పక్కకు తీసి, బ్రేకు వేసి, స్టీరింగు మీద తల ఆన్చుకుని చనిపోయాడు. ముప్పై రెండేళ్లు. గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు.

పెద్దకర్మ చేసి తిరిగొచ్చాక గౌరునాయుడు మనిషి మారిపోయాడు. ఏడిస్తే బాగుండేది, ఏడవలేదు. తమ్ముడి మీద కోపం పెట్టుకున్నాడు. చచ్చినవాడి మీద కోపం ఎంత చెడ్డదో నాకు తెలుసు, దానికి విరుగుడు లేదు, ఎదురుగా నిలబడి తిట్టించుకోవడానికి మనిషి లేడు కనక. తమ్ముడి ఫొటో గోడకి తగిలించనివ్వడం లేదని వాళ్లావిడ మా ఇంట్లో చెప్పుకుని కళ్లు ఒత్తుకుంది.

ఒక మంగళవారం నాడు షెడ్డులో ఒక నీలం రంగు టర్బో కారు సిద్ధమై ఉంది. సాయంత్రం దాని సొంతదారు వస్తాడు. చేతులు తుడుచుకుంటూ గౌరునాయుడు ఉన్నట్టుండి నోరు విప్పాడు.

"మేస్త్రీ, ప్రతి ఆదివారం ఫోన్ సేసీవోణ్ణి. ఎలాగున్నావురా అంటే, బాగున్నానన్నాయ్ అనీవోడు. ఒక్కపాలైనా నీరసంగా ఉందని అన్లేదు. తోడబుట్టినోడికి అబద్దం సెప్పి పోనాడు. మనిషి ఎంత మొయ్యగలడో ఆ మనిషే సెప్పకపోతే ఎలాగ తెలుస్తాది మేస్త్రీ?"

మేస్త్రీ బీడీ ఆర్పేశాడు. నీలం కారు వైపు తిరిగాడు.

"దీని పంపు కొలిచేవా?" అని అడిగాడు.

"కొలిచేను. అర నిమిషానికి రెండు లీటర్లు వచ్చింది. మనకి కావల్సింది లీటరున్నరే."

"ఎలాగ కొలిచేవు?"

"ఎప్పట్లాగే మేస్త్రీ."

ఎప్పట్లాగే అంటే ఏమిటో చెప్పాలి. బండి షెడ్డులో నీడపట్టున నిలబడి ఉంటుంది. వెనక సీటు ఎత్తి, ట్యాంకులోని పంపుకి బండి తీగ పీకేసి, గోడకున్న చార్జరు క్లిప్పులు రెండూ నేరుగా పంపుకే తగిలిస్తారు. పైపు కొస గీతల డబ్బాలో పెట్టి గడియారం చూస్తారు. ఆటోనగర్‌లో అందరూ కొలిచేది ఇలాగే. తేలిక, బండి స్టార్టు చెయ్యనక్కర్లేదు.

"పద," అన్నాడు మేస్త్రీ.

పెట్రోలు ఒత్తిడి చూపే గేజుకి నా కొట్లోంచే పొడవాటి పైపు ఒకటి తెప్పించి, బానెట్ సందులోంచి బయటికి లాగి, గేజుని అద్దం మీద తన సీటుకి ఎదురుగా టేపుతో అతికించాడు. పంపు దగ్గర్నుంచి రెండు తీగలు లాగి, పంపుకి అందే కరెంటు ఎంతో చూపే మీటరుకి కలిపాడు. ఆ మీటరు పట్టుకోవడానికి వెనక సీట్లో మనిషి కావాలట. నేను ఏమీ అడక్కుండానే నా చేతికి పని వచ్చి పడింది. గౌరునాయుడు స్టీరింగు ముందు, మేస్త్రీ అతని పక్కన కూర్చున్నారు.

ఊళ్లో అంతా పెళ్లినడకే. మీటరు పదమూడున్నర వోల్టుల దగ్గర కదలకుండా ఉంది. గేజు ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. "సూసేరా," అన్నాడు గౌరునాయుడు, కొంచెం నిష్ఠూరంగానే. ఊరు దాటి కొండ రోడ్డు మొదలవగానే మేస్త్రీ ఏసీ పూర్తిగా తిప్పాడు. హెడ్‌లైట్లు వేయించాడు. వెనక అద్దం వేడి చేసే మీట కూడా నొక్కాడు, ఆ ఎండలో. కరెంటు తినేవన్నీ ఒక్కసారే నడవాలట. ఎదురొచ్చిన స్కూటర్లవాళ్లూ ఆటోలవాళ్లూ లైట్లు వెలుగుతున్నాయని వేళ్లు ఆడించి మాకు సైగలు చేశారు. ఒక పెద్దాయన పాపం బండి ఆపి మరీ చెప్పబోయాడు.

"ఇప్పుడు తొక్కు," అన్నాడు మేస్త్రీ.

గౌరునాయుడు తొక్కాడు. టర్బో ఈల వేసింది. నా వీపు సీటుకి అతుక్కుపోయింది. ఏటవాలు రోడ్డు మీద ఆ బండి ఎంత సుఖంగా ఎక్కిందంటే, నాకే ఒకటి కొనుక్కోవాలని బుద్ధి పుట్టింది.

"ఎలాగుంది?" అని అడిగాడు మేస్త్రీ.

"బాగుంది మేస్త్రీ. బెమ్మాండంగా లాగతంది."

"ముల్లు సూడు."

టర్బో గాలి ఎంత పెరిగితే పెట్రోలు ఒత్తిడి కూడా అంత పెరగాలి. అదీ లెక్క. ముల్లు మొదట గాలితో పాటే లేచింది. సగం దూరం వచ్చాక నిలబడిపోయింది. గాలి ఇంకా పెరుగుతూనే ఉంది. ముల్లు వణికి, నెమ్మదిగా కిందికి దిగడం మొదలెట్టింది. నా ఒళ్లో మీటరు పన్నెండుకి వచ్చింది. పదకొండున్నర అన్నాను. పదకొండు అన్నాను. ఇంజన్ మాత్రం అంతే హాయిగా పాడుతోంది.

"కాలు తియ్యి," అన్నాడు మేస్త్రీ.

మలుపు దగ్గర ఒక చింతచెట్టు నీడలో బండి ఆపాం. ఇంజన్ మెల్లగా తిరుగుతోంది. మేస్త్రీ ఏసీ, లైట్లు అన్నీ ఆపేశాడు. ముల్లు తన చోటుకి తిరిగొచ్చింది. మీటరు మళ్లీ పదమూడున్నర.

"ఇప్పుడు అడుగు దాన్ని, ఎలాగున్నావని," అన్నాడు.

గౌరునాయుడు గేజు వైపే చూస్తూ అన్నాడు, "నేను చార్జరు తగిలించి కొలిచేను మేస్త్రీ. బండి నిలబెట్టి కొలిచేను."

"నేనూ అలాగే కొలిచీవోణ్ణి. నాలుగు ఇంజన్లు మాడిపోనాక గాని నాకూ తెలీనేదు." ఆయన గొంతులో దెప్పిపొడుపు లేదు. "మీ తమ్ముడికి ఫోన్ ఏ యేళప్పుడు సేసీవోడివి?"

"ఆదివారం మద్యాన్నం. అన్నాలు తినేక."

ఆ మాట బయటికి వచ్చాక గాని అది గౌరునాయుడి చెవిన పడలేదు. ఆదివారం లారీ కదలదు. ఆ వేళకి తల్లి స్నానం అయిపోయి, అన్నం తిని పడుకుని ఉంటుంది. పిల్లలు వీధిలో ఆడుకుంటూ ఉంటారు. వారం మొత్తంలో తవిటినాయుడు కాళ్లు చాపుకుని కూర్చునే గంట అదొక్కటే. ఆ గంటలో అన్న ఫోన్ చేసి ఎలాగున్నావురా అనేవాడు.

"అప్పుడు బాగుండీవోడే మేస్త్రీ," అన్నాడు గౌరునాయుడు. "అప్పుడు నిజింగానే బాగుండీవోడు."

అని స్టీరింగు పట్టుకునే ఏడ్చాడు. రెండు నెలలుగా కడుపులో పెట్టుకున్నదంతా ఆ కొండ మీద బయటపడింది. నాకూ కళ్లు నిండాయి, ఇందులో దాచుకునేది ఏముంది. తవిటినాయుణ్ణి నేను రెండుసార్లే చూశాను. రెండోసారి వచ్చినప్పుడు మా కొట్లో పైపుల కట్ట ఒకటి, నేను వద్దంటున్నా వినకుండా, భుజాన వేసుకుని లోపల పెట్టి వెళ్లాడు. నేనూ ఒక బరువు పెట్టినవాణ్ణే.

మేస్త్రీ దిగి వెనక సీటు ఎత్తించాడు. పంపుకి కరెంటు తెచ్చే తీగని చూపించాడు. షెడ్డులో పెద్ద పంపు బిగించినా, తీగ మాత్రం కంపెనీ వాళ్లు పాత చిన్న పంపు కోసం వేసిందే, పురికొస అంత సన్నం. గౌరునాయుడు వేలు పెట్టి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. కాలుతోంది.

"పంపు మార్చీమంటారా?" అన్నాడు ముక్కు తుడుచుకుంటూ.

"పంపులో తప్పేటీ నేదు నాయుడూ. పనెక్కువయ్యే యేళకి దానికి అందిందే తక్కువ."

తిరుగు దారిలో గౌరునాయుడు బండిని దూడని తోలుకొస్తున్నట్టు నెమ్మదిగా నడిపాడు. కొండ దిగుతుండగా మేస్త్రీ అడిగాడు, "మీయమ్మని ఇప్పుడు ఎవలు సూస్తన్నారు?"

"మరదలే మేస్త్రీ. పైడమ్మ. పిల్లల్నీ, పొలాన్నీ ఆయమ్మే సూసుకుంటంది."

"ఏటంటంది?"

"బాగున్నాం బావగారూ, మీరు బెంగెట్టుకోకండి అంటంది. మొన్న ఆదివారం..." గౌరునాయుడు ఆ మాట పూర్తి చెయ్యలేదు. బండి ఇంకా నెమ్మదించింది. వెనకవాడు హారను కొట్టాడు.

షెడ్డుకి చేరేసరికి నీలం కారు సొంతదారు వచ్చి ఎదురుచూస్తున్నాడు. మేస్త్రీ అతనికి ఇవాళ కాదు ఎల్లుండి రమ్మని చెప్పాడు. అతను గొణిగాడు, బండి బాగానే ఉంది కదా అన్నాడు, చివరికి ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. మేస్త్రీ బీరువాలోంచి చిటికెన వేలంత లావు రాగి తీగ చుట్ట తీసి, బ్యాటరీ నుంచి ట్యాంకు దాకా కొలవడం మొదలెట్టాడు. గౌరునాయుడు తీగ రెండో కొస పట్టుకోబోయాడు. మేస్త్రీ ఇవ్వలేదు.

"ఇది నేను ఏసుకుంటాను. నువ్వు సాలూరు ఎల్లు."

గౌరునాయుడు చేతులకున్న నూనె వైపు, సగంలో ఉన్న పని వైపు చూశాడు. "ఈ వారం రెండు బళ్లు ఇచ్చీయాల కదా మేస్త్రీ. ఆదివారం ఎల్తాను."

మేస్త్రీ తీగ కొలుస్తూనే, తలెత్తకుండా అన్నాడు.

"ఆదివారం ఆయమ్మ బాగానే ఉంటాది."