సముద్రం మడత పెట్టిన కజ్జికాయ

ఒకప్పుడు సముద్రానికి అలలు లేవు. పళ్ళెంలో పోసిన నీళ్ళలా కదలకుండా ఉండేది. పీతలు అందులో ముఖం చూసుకుని మీసాలు దువ్వుకునేవి. పీతకు మీసాలేమిటని అడక్కండి, అదో పెద్ద కథ. మనకు కావలసింది సముద్రం సంగతి.

ఆ సముద్రం పేరు గంగమ్మ. ఆమెకు ఒక్కతే కూతురు, నల్లమబ్బు. అల్లుడు గాలి. మబ్బు కడుపులో వాన పడింది. ఏం పెట్టినా సయించడం లేదు.

"అమ్మా, ఒడ్డున చేపలమ్మే పైడితల్లి చేస్తుందే, పొరలు పొరలుగా విరిగే మామిడిపండు కజ్జికాయ! అదొక్కటే తినాలనుంది. సాయంత్రం ఆయన వచ్చి కొండలకు తీసుకుపోతారు. ఈలోపే చేసి పెట్టవూ?"

గంగమ్మ పరుగున ఒడ్డుకు వెళ్ళింది. చేపలు కడుగుతున్న పైడితల్లిని కజ్జికాయ చేసిమ్మని అడిగింది.

"నేను సేసిస్తే ఏం బాగుంటాది? కడుపుతో ఉన్న పిల్లకి కన్నతల్లే వండి పెట్టాల. కూకో, సెప్తాను," అంది.

మామిడి గుజ్జు బెల్లంతో దగ్గరగా ఉడికించి పక్కన పెట్టారు. గోధుమపిండి కలిపి, పల్చగా వత్తి, పేరునెయ్యి రాసి మడిచారు.

"ఇప్పుడు తడిగుడ్డ కప్పి వదిలెయ్. ఈ తట్టెడు సేపలూ నేను కడిగేదాకా ముట్టుకోకు. నెయ్యి గట్టిపడితేనే పొరలు విడతాయి. మళ్ళీ వత్తు, మళ్ళీ మడత పెట్టు, మళ్ళీ వదిలెయ్. అలా మూడుసార్లు."

గంగమ్మ కూర్చుంది. లేచింది. అల్లుడు వచ్చే దక్షిణం వైపు చూసింది. గుడ్డ ఎత్తి చూసింది. ఆగలేక వత్తేసింది, మడిచేసింది. మళ్ళీ వత్తింది, మళ్ళీ మడిచింది. చేతి వేడికి నెయ్యి కరిగి, తెల్లగా నురగలు కట్టి ఇసకలోకి కారిపోయింది. పొరలన్నీ కలిసి ముద్దయిపోయాయి.

"ఓలమ్మో, ఏటా కంగారు! పిండిని కుదురుగా ఉండనియ్యవా?"

"అల్లుడొచ్చేస్తాడే!" అని కొత్త పిండి అందుకుంది గంగమ్మ.

అంతలోనే గాలి రానే వచ్చాడు. మబ్బు లేచింది.

"ఒక్క మడత, నాయనా! ఒక్క మడత ఆగు!"

"అత్తా, ఒకచోట నిలబడటం నా వల్ల కాదు," అన్నాడు గాలి. అప్పటికే సగం దూరం పోయాడు.

మబ్బు వెనక్కి తిరిగి చూసింది. నాలుగు చినుకులు రాలాయి. "మళ్ళీ వచ్చినప్పుడు తింటాలే అమ్మా! చేసి ఉంచు!"

అప్పటినుంచే సముద్రం ఒడ్డుకొచ్చి మడత మీద మడత పెడుతోంది. మడత విరుగుతుంది, నెయ్యి నురగై ఇసక మీద కారిపోతుంది, వెనక్కి లాక్కుని మళ్ళీ మొదలుపెడుతుంది. గాలి జోరుగా వీచే రోజున చూడండి. అల్లుడొచ్చేశాడని గంగమ్మ చేతులు ఇంకా ఇంకా తొందరపడతాయి.