నల్లగా మిగిలిన ఐదో వంతు

"ఇనుమును వదిలేసి నికెల్‌కి మారిపొమ్మంటారా సార్?" అని రెహానా అడిగినప్పుడు ఆచార్య త్రివిక్రమరావు గారు కొలిమి వైపు చూశారు. అడిగిన వెంటనే బదులు చెప్పే అలవాటు ఆయనకు లేదు. కుర్చీ లాక్కుని ఆమె కొలిమి పక్కన కూర్చున్నారు.

బొగ్గును గాలితో కాకుండా, ఎర్రటి ఐరన్ ఆక్సైడ్ పొడి మోసుకొచ్చే ఆక్సిజన్‌తో మండించడం రెహానా పరిశోధన. అలా మండిస్తే పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను ఆకాశానికి వదలకుండా విడిగా పట్టుకోవచ్చు. ఆక్సిజన్ ఇచ్చి నల్లబడ్డ పొడి, వేడిగాలి తగిలితే దాన్ని తిరిగి తీసుకుని ఎర్రబడాలి. ఆమె పొడి మాత్రం అయిదింట నాలుగు వంతులు కోలుకుని ఆగిపోయేది. మూడేళ్లుగా ఇదే తంతు. నికెల్ చురుకైనదే, కానీ దాని ధూళి పనివాళ్ల ఊపిరితిత్తులకు చేటు. రెహానా తండ్రి పదిహేనేళ్లు బాయిలర్ దగ్గర పనిచేసి, దగ్గుతో ఇల్లు చేరిన మనిషి. ఆమె ఇనుమును ఎంచుకున్నది అందుకే.

ఆ మధ్యాహ్నం కూడా తెర మీద, పొడి తిరిగి తీసుకున్న ఆక్సిజన్‌తో పెరిగే బరువును చూపే గీత నిమిషాల్లో పైకి లేచి, అడ్డంగా పడుకుంది. రెహానా స్విచ్ మీద చెయ్యి వేసింది.

"ఉండమ్మా."

"అయిపోయింది సార్. రోజూ ఇక్కడే ఆగిపోతుంది."

"రోజూ ఇక్కడే నువ్వు ఆపేస్తున్నావు."

ఆమె చిన్నబుచ్చుకుంది. అయినా కూర్చుంది. పది నిమిషాలకోసారి బరువు రాసుకుంది. గీత కదిలినట్టు కంటికి కనిపించలేదు గానీ, కాగితం మీద చివరి అంకె మారుతూనే ఉంది. సాయంత్రం నాలుగయ్యేసరికి ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది.

"పెరుగుతోంది సార్!"

పొడి చల్లారాక ఒక రేణువును పగలగొట్టి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. చుట్టూ ఎర్రటి పెంకు. నడుమ నల్లటి చుక్క.

"ఇనుము బాగానే ఉంది," అంది తనలో తాను అనుకుంటున్నట్టు. "పైపొర గట్టిపడి గాలికి దారి లేకుండా పోయింది."

ఆ నెలంతా ఆమె పొడిలో వేడికి కరగని అల్యూమినా కలిపి చూసింది, పైపొరలోని ఇనుము అతుక్కుపోకుండా, లోపలికి గాలి వెళ్లే సందులు మిగిలేలా. నాలుగో వంతు కలిపాక కుదిరింది. గీత ఇరవై నిమిషాల్లో పైదాకా వెళ్లింది. యాభైసార్లు బొగ్గుతో మండించి, మళ్లీ గాలి పట్టించినా వెళ్లింది. రెహానా ముందు తండ్రికి ఫోన్ చేసింది, తర్వాత గురువు గారి గదికి పరిగెత్తింది.

"అది ఆగిపోలేదని మీకు ముందే తెలుసా సార్?"

"తెలియదమ్మా," అన్నారాయన. "ఆగిపోయిందనీ తెలియదు. అందుకే కూర్చున్నాను."