తొండ గుడ్లకు తడి

మా నేతపేటలో చిదంబరదాసుగారిని ఎవరేమి అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. చేతిలో ఏదో ఒక పని పెట్టి పంపేస్తారు. మగ్గం నేసుకుంటూ తత్వాలు చెప్పే మనిషి ఆయన. సాయంత్రమైతే ఆయన ఇంటి అరుగు మీద మాబోటి వాళ్లం చేరతాం. నేను హైస్కూలు గడప దాకా వెళ్లి వెనక్కొచ్చినవాణ్ణి. అయినా ఆ అరుగు మీద విన్నది ఒక్కటీ మరిచిపోలేదు లెండి. ఇదొకటి వినండి.

ఆయన శిష్యుల్లో కోటిలింగం అని మెత్తని మనిషి ఉన్నాడు. చెల్లెలు చనిపోతే, ఆమె కూతురు హైమను తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు. పిల్ల వచ్చిన నాటి నుంచి మాటా లేదు, సరైన తిండీ లేదు. ఒక సాయంత్రం అతను కళ్లు తుడుచుకుంటూ అడిగాడు.

"అయ్యా, అడిగినవీ అడగనివీ అన్నీ తెచ్చి ముందు పెడుతున్నాను. ఎంత ముద్దు చేస్తే అంత ముడుచుకుపోతోంది. ఇలాగే చిక్కిపోతే వాళ్లమ్మ దగ్గరికే పోతుందేమోనని భయంగా ఉంది. ఇంకా ఏం చెయ్యమంటారు?"

దాసుగారు లోపలికి వెళ్లి మూత పెట్టిన మట్టి మూకుడు ఒకటి తెచ్చారు. అందులో ఇసుక, ఇసుకలో సగం దాకా పూడ్చిన చిన్న చిన్న తెల్లటి గుడ్లు. కనకాంబరం కుండీ పగిలితే మట్టిలోంచి బయటపడ్డ తొండ గుడ్లవి. తొండేమో మళ్లీ వచ్చి చూసుకునే రకం కాదు. పారెయ్యడానికి ఆయనకు మనసొప్పలేదు.

"ఇవి పిల్లలయ్యేదాకా నీ దగ్గర ఉంచు. తిరగెయ్యకు. తడి మాత్రం చూసుకో" అన్నారు.

"తత్వాలు అయిపోయాయి కామోసు, ఇక తొండల్ని సాకమంటున్నారు!" అని ఆయన భార్య శేషమ్మగారు లోపలి నుంచే ఒక విసురు విసిరారు. మేమంతా నవ్వాం. కోటిలింగం మాత్రం, గురువు చేత్తో ఇచ్చింది గదా, మూకుడు కళ్లకద్దుకుని పట్టుకెళ్లాడు.

కొద్ది రోజులకే మొహం వేలాడేసుకుని వచ్చాడు. మూకుట్లోంచి పులిసిన వాసన. రెండు గుడ్లు బూజు పట్టి నల్లబడ్డాయి.

"ఒకటి సొట్టపడిందండీ. ఎండిపోతోందని దాని మీద పోస్తూ వచ్చాను. బూజు పట్టింది. హడలిపోయి మూత తీసి గాలికి పెట్టాను. ఇప్పుడు ఇంకోటి సొట్టపడింది."

"ఏం పోశావు?"

"గంజినీళ్లండీ. మగ్గం మీద పడుగు దారాలు తెగకుండా మనం పెట్టేది అదే గదా. దారానికి బలమిచ్చేది గుడ్డుకి ఇవ్వదా అనుకున్నాను."

"గుడ్లతో చీర నేద్దామనుకున్నావా?" అన్నారు దాసుగారు.

చెడిపోయిన వాటిని తీసేశారు. కొత్త ఇసుకలో నీళ్లు కలిపి, ఒక పిడికెడు కోటిలింగం చేతిలో పెట్టి పిండమన్నారు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి. కాస్త పొడి ఇసుక కలిపి మళ్లీ పిండమన్నారు. ఈసారి ముద్ద కట్టింది గాని చుక్క రాలలేదు. అప్పుడు మిగిలిన గుడ్లను, పైవైపు పైకే ఉండేలా, ఒక్కొక్కటే అందులోకి మార్చారు. మూతకు పట్టిన చెమ్మ గుడ్ల మీద పడకుండా అంచుకు జారిపోయేలా మూత ఏటవాలుగా పెట్టారు.

కోటిలింగం ఉండబట్టలేకపోయాడు. "మరి ఈ సొట్టపడిన దాని మీద రెండు చుక్కలైనా..."

"దాని మీద ఒక్క చుక్క కూడా వద్దు. చుట్టూ ఇసుకను తడిగా ఉంచు. కావలసినంత అదే తీసుకుంటుంది."

"తీసుకోకపోతేనో?"

"నువ్వు పోస్తే తీసుకుందా?"

మళ్లీ వచ్చినప్పుడు మూకుడు కుదపకుండా, నిండు బిందె మోసినట్టు మోసుకొచ్చాడు. సొట్ట పూడిపోయి గుడ్డు నున్నగా ఉంది. మేమంతా తలలు దూర్చి, పెళ్లికూతుర్ని చూసినట్టు చూశామంటే నమ్మండి! అతని మొహం మాత్రం విప్పారలేదు.

"అయ్యా, గుడ్ల సంగతి తెలిసింది. నేనడిగింది హైమ సంగతి. అది మీరు చెప్పనే లేదు."

దాసుగారు "మీ ఇంట్లో మగ్గం చప్పుడు వినపడటం లేదేం?" అన్నారు.

"ఎక్కడి మగ్గమండీ! పిల్ల వచ్చిన దగ్గర్నుంచి నేను ముట్టలేదు, మా ఆవిడ రాట్నం ముట్టలేదు. గోల చేస్తారని వీధి పిల్లల్ని గడప తొక్కనివ్వడం లేదు. ఇద్దరం దాని ఎదురుగానే కూర్చుంటున్నాం. తిన్నావా అమ్మా, ఏం కావాలమ్మా, ఏమాలోచిస్తున్నావమ్మా అని..."

అంటూ అంటూనే అతని చూపు మూకుట్లోని గుడ్ల మీద పడింది. దాసుగారు అతని భుజం మీద చెయ్యి వేశారు.

"వెళ్లి మగ్గంలో కూర్చో నాయనా. వీధి తలుపు తీసే ఉంచు."