రేవులమ్మ వెలితిపీట వ్రత కథ

పసుపు కలిపిన అక్షతలు తలా కొన్ని చేత పట్టుకొని, మాటలు ఆపి, ఈ కథ వినవలెను.

పూర్వము గోదావరి సముద్రమున కలియు చోట, ఇసుక తిన్నెపైన, మునులు కొందరు యాగము ముగించి కూర్చుండి యుండిరి. వారిలో సైకతుడను ముని లేచి, తరణక మహర్షికి నమస్కరించి యిట్లడిగెను.

"స్వామీ! వంతెన ఉన్న ఊరివారు తమకు వీలైనప్పుడు బయలుదేరుదురు. లంకలలోని వారికి అది లేదు. బియ్యమునకు, బడికి, మందునకు, పెండ్లికి, పడవ ఉన్నప్పుడే పోవలెను. రేవునకు ఆలస్యముగా వచ్చినవాడు ఆ పూటకు లోకమునకు దూరమగుచున్నాడు. పడవ నడుపువారికి ఇసుకతో భయము, గాలితో భయము. ఎక్కినవారు క్షేమముగా దిగుటకును, వెనుకబడినవారు ఒడ్డున మిగిలిపోకుండుటకును ఏ వ్రతము చేయవలెను? దానిని ఎవరు చేసి ఏ ఫలము పొందిరి?"

తరణక మహర్షి కన్నులు మూసి తెరచి యిట్లు చెప్పెను. "సైకతా, మంచి మాట అడిగితివి. రేవులమ్మ వెలితిపీట వ్రతమని ఒకటి కలదు. కలియుగమున, పడవలకు ఇంజనులు వచ్చిన కాలమున జరుగు కథను జరిగినట్లే చెప్పెదను, వినుము."

గోదావరి పాయకు నడుమ గుల్లలంక అను ఊరు కలదు. దానికి మూడు వైపుల నది, నాలుగవ వైపు సముద్రము. ఆ ఊరినుండి అవతలి ఒడ్డున ఉన్న కొత్తపాయ రేవునకు ఒకటే పడవ. దానిని తిరుపాలు అనువాడు నడుపుచుండెను. అతని భార్య పల్లాలమ్మ. పడవ తిరిగిననాడు ఆ ఇంట అన్నము, తిరుగనినాడు గంజి.

ఆ పడవలో ముందు భాగమున అడ్డముగా ఒక పీట ఉండెను. తిరుపాలు తల్లి బాపనమ్మ ప్రతి ఉదయమున దానికి పసుపు రాచి, బొట్టు పెట్టి, పడవ ఎంత నిండినను ఆ పీటను మాత్రము ఖాళీగా ఉంచి తాడు విప్పించెడిది. దానిని ఊరివారు వెలితిపీట అనిరి. అది రేవులమ్మ చోటని చెప్పుకొనిరి. బాపనమ్మ కాలము చేయుచు కోడలిని పిలిచి, ఆ పీట నింపవద్దని చెప్పెను. ఎందులకో చెప్పలేదు. అంతవరకు పల్లాలమ్మ ఇంటి పనిలో ఉన్నదే గాని పడవ మీద ఉన్నది కాదు. కావున తాను చూడనూ లేదు, అడుగనూ లేదు. తిరుపాలు కన్ను ఎప్పుడును వెనుక ఇంజను మీదనే.

అత్త పోయిన పిమ్మట పడవ పెత్తనము పల్లాలమ్మకు వచ్చెను. ఆ యేట పీతలకు గిరాకి పెరిగెను. ఒక వ్యాపారి బుట్టలు తెచ్చి, పడవలో చోటు చాలక, ఆ పీట వైపు చూచెను.

తిరుపాలు, "వద్దే, అమ్మ చెప్పింది కదా" అనెను.

"చెప్పింది. ఎందుకో చెప్పలేదు. రేవులమ్మ రోజూ ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి ఏం పనుండి తిరుగుద్దయ్యా? సంతకెళ్తాదా?" అని పల్లాలమ్మ బుట్టలు ఎత్తించెను. పడవలోని వారు నవ్విరి.

అది మొదలు పీట మీద ఒక పూట పీతలు, ఒక పూట కొబ్బరికాయలు, ఒక పూట సిమెంటు బస్తాలు కూర్చుండెను. కొన్నాళ్ళకు రేవు ముందర ఇసుక మేట వేసెను. ఆటు వేళ, నీరు వెనుకకు తీయగా, పడవ మేటకు తగిలి అడుగున తిరుగు పంకా విరిగెను. కొత్త పంకా వేయించిరి, ఇంజను ఆగెను. ఇంజను బాగు చేయించిరి, పలకల నడుమ నీరు వచ్చెను. జనము మోకాలి లోతు బురదలో దిగి నడిచి, తిట్టి, ఎగువ రేవునకు పోయి వేరు పడవ ఎక్కిరి. పీతల వ్యాపారియు ఆ పడవకే పోయెను. పల్లాలమ్మ మెడలోని బంగారు గుండ్లు అమ్ముకొనెను. తిరుపాలు ఒడ్డున కూర్చుండి వలలు అల్లుచుండెను.

అప్పుడు పల్లాలమ్మకు అత్త మాట జ్ఞాపకము వచ్చెను. ఒక శుక్రవారము తెల్లవారక మునుపే లేచి, స్నానము చేసి, పీటను కడిగి, పసుపు రాచి, "అమ్మా, నీ చోటు నీకు విడిచితిని, నా పడవ నాకు నడిపించు" అని మొక్కుకొనెను. ఆ యేడు గోదావరి పొంగి వరద ఎర్రనీరు వచ్చి మేటను కోసుకొని పోయెను. పడవ నిలువున తేలెను. పోయిన జనము తిరిగి వచ్చిరి. రేకుల ఇల్లు పోయి డాబా లేచెను.

సైకతా, ఇంతవరకు పల్లాలమ్మ చేసినది సరియే. ఇక మీదట ఆమె అత్తను మించదలచెను. పీటకు ఎర్ర పట్టుగుడ్డ కుట్టించెను. చుట్టును ఇత్తడి కమ్మీ పెట్టించెను. ఉదయము దండ, సాయంకాలము సాంబ్రాణి. ఆ పీటను ఎవరును తాకరాదని కట్టడి చేసెను. ఒకనాడు బడి పిల్లవాని మోకాలు తగులగా, నడి ఏటిలో ఇంజను ఆపించి పసుపు నీళ్ళు చల్లించెను. జనము కొబ్బరికాయలు కొట్టి దండము పెట్టుకొనిరి. పల్లాలమ్మ మనసు నిండెను.

ఒక సాయంకాలము కొత్తపాయ రేవున ఆఖరి పడవ నిండెను. తాడు విప్పిరి. అప్పుడు గట్టు మీదనుండి ఒక ముసలామె తేగల బుట్ట నెత్తిన పెట్టుకొని, చేయి ఊపుచు, పరుగెత్తి వచ్చెను. పడవలో ఆ పీట ఒక్కటే ఖాళీ.

పల్లాలమ్మ, "అది అమ్మవారి చోటు మామ్మా, కూకోకూడదు. పొద్దున్నే పడవకి వచ్చెయ్" అనెను.

"అమ్మవారు ఒక్కత్తే కదే, కొంచెం జరగదా?" అని ముసలామె అడిగెను.

జనము నవ్విరి. పల్లాలమ్మకు నవ్వు రాలేదు. అపచారపు మాటని చెవులు మూసికొని, పడవ నడుపుమని సైగ చేసెను. ముసలామె బుట్ట దించుకొని ఒడ్డున కూర్చుండెను.

మరునాడు తిరుపాలు ఇంజను సామాను కొనుటకు పట్నమునకు పోయెను. పడవను పల్లాలమ్మ తమ్ముడు సింహాద్రి నడుపుచుండెను. సాయంకాలము ఆఖరి పడవ తాడు విప్పిన తరువాత తిరుపాలు సంచి భుజాన వేసికొని గట్టు దిగి వచ్చెను. పడవ నిండి యుండెను.

"ఒరేయ్ సింహాద్రీ, ఆగు! ఆ పీట మీద కూకుంటాలే" అని తిరుపాలు కేక వేసెను.

"అమ్మో, అక్క నన్ను బతకనివ్వదు బావా."

"పడవ నాదిరా!"

"పడవ నీదే, ఆయ్. పీట అమ్మవారిది. నువ్వే చెప్పు, ఎవర్ని దింపమంటావు?"

జనము నవ్విరి. ఎవరిని దింపుటకును తిరుపాలునకు మనసు ఒప్పలేదు. అతడును నవ్వి, "పోండ్రా, పోండి. నేను దోనెలో వస్తాను" అనెను. రేవున ఒక దోనె కట్టి యుండెను. దానిని విప్పుకొని బయలుదేరెను. నడి ఏటికి వచ్చుసరికి గాలి తిరిగెను. ఆటు నీరు సముద్రము వైపు లాగెను. పడవలోని వారు ముందుకు చూచుచుండిరి గాని వెనుకకు చూచినవారు లేరు.

పల్లాలమ్మ అన్నము వడ్డించి మగని కొరకు ఎదురు చూచుచుండెను. సింహాద్రి వచ్చి, జరిగినది చెప్పి, తన తెలివికి మెచ్చుకొందురని నిలుచుండెను.

"మీ బావనే ఒగ్గేసి వచ్చావా?" అని పల్లాలమ్మ అడిగెను.

"నువ్వేగా ఎవర్నీ కూకోబెట్టొద్దన్నావు."

వడ్డించిన అన్నముపై పల్లాలమ్మ మూత పెట్టెను. తానే అన్న మాట అది.

తెల్లవారినను తిరుపాలు రాలేదు. పల్లాలమ్మ మొదటి పడవకు కొత్తపాయ రేవునకు పోయెను. అక్కడ తేగల ముసలామె, బుట్ట ముందర పెట్టుకొని, అదే చోట కూర్చుండి యుండెను.

"ఇంకా ఇక్కడే ఉన్నావేంటి మామ్మా?"

"పొద్దున్నే రమ్మన్నావు. వచ్చిన పడవల్లా నిండింది, చోటు లేదంటన్నారు. నిన్న మీ ఆయనకీ లేదన్నారు. దోనె ఇప్పుకుని ఎల్లాడు. గాలి మొగ వైపు తోసుకుపోయింది."

మొగ అనగా నది సముద్రమున పడు చోటు. అది విని పల్లాలమ్మ ముసలామె ప్రక్కన కూలబడి, తాను అమ్మకు ఏమి లోటు చేసితినని, పట్టుగుడ్డ తక్కువైనదా దండ తక్కువైనదా యని ఏడ్చెను.

ముసలామె తేగ ఒకటి ఒలిచి, విరిచి, చెరి సగము చేసి, సగము ఆమెకు ఇచ్చెను. "మీ అత్త ఆ పీటకి పసుపెందుకు రాసేదో తెలుసా? ఎవరూ ముందుగా ఎక్కి కూకోకుండా. తాడు ఇప్పాక గట్టు మీదకి చూసి మూడు కేకలు ఏసేది. పరిగెట్టుకుంటా ఎవరొత్తే వాళ్ళని దాని మీద కూకోబెట్టేది. పీత పట్టేవోడైనా, పాఠాలు చెప్పేవోడైనా. నువ్వేమో చెక్కకి చీర కట్టి, మనిషిని ఒడ్డున ఒగ్గేశావు."

"ఇప్పుడేం చెయ్యను మామ్మా?"

"ఎతికేవాళ్ళు ఎతుకుతారు. నువ్వు మటుకు పడవ ఆపకు."

పల్లాలమ్మ తల ఎత్తి చూచుసరికి పడవవాండ్రు పిలిచిరి. ఆమె లేచి, ముసలామెను పడవ ఎక్కుమని చెప్పుటకు వెనుదిరిగెను. బుట్ట లేదు, మనిషి లేదు. ఆమె ఎవరని అడుగగా రేవున తెలిసినవారు లేకపోయిరి.

జాలరులు పడవలు వేసికొని మొగ వైపు వెదకబోయిరి. పల్లాలమ్మ మనసు వారితో పోయెను. మనిషి మాత్రము పడవ విడువలేదు. కమ్మీ విప్పించెను. పట్టుగుడ్డ లాగివేసెను. పీటకు పసుపు రాచి బొట్టు పెట్టెను. ప్రతి తడవ తాడు విప్పి, చేత పట్టుకొని, గట్టు వైపు చూచి, మూడు కేకలు వేసెను. ఉదయము బడికి ఆలస్యమైన పిల్ల ఒకతె వచ్చి కూర్చుండెను. మధ్యాహ్నము నీరు కారు గంపతో చేపల ఆమె వచ్చి కూర్చుండెను. జాలరులు తిరిగి వచ్చి, మొగలో మనిషి లేడు, దోనె లేదు అనిరి. పల్లాలమ్మ విని, తాడు పట్టుకొని నిలుచుండెను.

సాయంకాలము ఆఖరి పడవ నిండెను. పొద్దు వాలుచుండెను. పడవను ఒడ్డు చేర్చి, దానిని కూడ తీసికొని ఇంకొక్క మారు వెదకబోవుదమని సింహాద్రి తొందరపడెను.

పల్లాలమ్మ మొదటి కేక వేసెను. ఎవరును రాలేదు.

"ఎవరూ లేరక్కా, పద! బావ కోసమే కదా" అని సింహాద్రి అనెను.

రెండవ కేక వేసెను. పడవలో ఒకడు, "మొగుడు ఏట్లో ఉంటే ఈవిడ గట్టుకి కేకలేత్తందేంటి?" అని గొణిగెను. తాడు వదిలినచో వెదకుటకు కొంత వెలుగు మిగులును. వదలనిచో అదియు పోవును. అత్త వేసినవి మూడు. ఆమె మూడవ కేక వేసెను.

గట్టు వెనుక మడ చెట్లలో నుండి, "ఓ పడవోయ్!" అని బదులు వచ్చెను. పీతలు పట్టువాడు ఒకడు, నడుము వరకు బురదతో, రొప్పుచు పరుగెత్తి వచ్చెను.

"ఆ బురదతో వాడా! నా చీర చూడండి" అని ఒకామె జరిగెను.

"నువ్వు రా అయ్యా, నీ చోటే" అని పల్లాలమ్మ అతనిని చేయి పట్టి ఎక్కించి, వెలితిపీట మీద కూర్చుండబెట్టెను.

అతనికి ఊపిరి కుదురుటకు కొంత సేపు పట్టెను. పిమ్మట, "పడవ ఎల్లిపోద్దేమోనని సచ్చేలా పరిగెత్తానమ్మా. మడ అడవి అవతల, కొత్తగా ఏసిన దిబ్బ మీద, ఓ మనిషి తువ్వాలు ఊపుతున్నాడు. మధ్యలో లోతు. ఈదలేను, నాకు పడవ లేదు. ఎవరికైనా చెబుదామని వచ్చాను" అనెను.

జాలరులు వెదకినది మొగలో. ఆ దిబ్బ మడ చెట్ల చాటున ఉన్నది. పడవలో అందరును ఒక్క గొంతుగా, ముందు అటు పోనిమ్మనిరి. చీర ఆమెయు అనెను. పీతలవాడు పీట మీదనే నిలువబడి త్రోవ చూపెను.

దిబ్బ చేరుసరికి ఇంకను వెలుగున్నది. దోనె పగిలి ఒక ప్రక్క పడియుండెను. తిరుపాలు నీటిలోనికి దిగి ఎదురు వచ్చెను. పడవ చూచి, అది నిండి యుండుట చూచి, "చోటుందా?" అని అడిగెను.

పీతలవాడు లేచి నిలుచుండి, "కూకో బావా" అనెను. అతడు తిరుపాలునకు ఏమియు కాడు. పల్లాలమ్మ అప్పుడు ఏడ్చెను.

నాటినుండి ఆమె ఆ వ్రతమును అత్త చేసినట్లే చేసెను. పడవ ఎన్నడును మేట ఎక్కలేదు. ఇంట కరవు రాలేదు. చుట్టుపట్ల రేవులవారు విని తమ పడవలలో పీటలు పెట్టిరి. విధి తెలియక ఇత్తడి బిగించినవారు నష్టపడి, విప్పి, బాగుపడిరి.

సైకతా, వ్రత విధానము ఇది. శుక్రవారము ఉదయమున పీటను కడిగి పసుపు రాయవలెను. రేవులమ్మను తలచి ఒక కొబ్బరికాయ కొట్టవలెను. చోటు విడువవలెను. తాడు విప్పి మూడు మారులు పిలువవలెను. వచ్చినవారి కులము, వారి బురద అడుగరాదు. ఎవరును రాకున్న పీట ఖాళీగానే పోవలెను. అదియు పూజయే.

పడవ నడుపువారు చేసినచో గాలి అనుకూలించును. లంకలలోని ఆడపడుచులు చేసినచో వేళకు పురుడు, వేళకు మందు అందును. ఏటి అవతల చదువు పిల్లలు చేసినచో పరీక్షకు ఆలస్యము కాదు. ఇంటినుండి నీటి మీద పోయినవారి కొరకు చేసినచో ఆ పోయినవారు ఇల్లు చేరుదురు. పడవ లేనివారు, బండి నడుపువారు, బల్ల వేసి అన్నము పెట్టువారు, ఎవరి వద్ద ఒక మనిషికి చోటున్నదో వారందరును దీనిని చేయవచ్చును. అని తరణక మహర్షి చెప్పగా సైకతాది మునులు విని సంతోషించిరి.

కథ విన్నవారు చేతి అక్షతలు సగము అమ్మవారి మీద, సగము తమ తల మీద వేసికొనవలెను. పిమ్మట ప్రసాదమునకు తొందరపడక, ఇంటివారిలో ఒకరు లేచి వాకిలి దాటి, వీధికి ఇరువైపుల చూచి, "ఇంకా ఎవరైనా ఉన్నారా?" అని మూడు మారులు పిలిచి రావలెను. ఎవరైనను వచ్చిన, మొదటి ప్రసాదము వారిది.