చుక్కమ్మ పలకలు

నల్లగుట్ట కింద ఒక గుహ ఉంది. దాని లోపలి గదికి ఇప్పుడు పెద్ద బండ అడ్డంగా ఉంది. ఆ బండ మీద పిట్ట కూడా వాలదు. ఒకప్పుడు మాత్రం ఆ గుహే అడవికంతటికీ ఆసుపత్రి.

డాక్టరు జంబులింగం అనే నక్క. పైన పటారం, లోన లొటారం. రోగిని ముట్టుకోడు, దూరం నుంచే "ఊఁ" అంటాడు, పేరు మాత్రం ఆయనదే. ఎత్తేదీ, కడిగేదీ, మందు తాగించేదీ ఇద్దరు నర్సులు: చుక్కలకోడి చుక్కమ్మ, బాతు బంగారి. చుక్కమ్మ రోగిని రెక్క కింద పెట్టుకుని జ్వరమెంతో చెప్పేది. చెవి ఆనించి ఊపిరి లెక్కపెట్టేది. తెల్లారేసరికి ప్రతి పడక దగ్గరా తడిమట్టి పలక మీద కాలిగోటితో అంతా గీసిపెట్టేది. తడి ఆరకముందే డాక్టరు ఆ పలక కింద పంజా ముద్ర వెయ్యాలి. అది ఆసుపత్రి పద్ధతి.

జంబులింగం ఒక్కనాడూ చదివి వెయ్యలేదు. "కోడి కెలికిన గీతలు నేను చదవాలా?" అని ఆవలిస్తూ టపటపా వేసుకుపోయేవాడు.

ఆ ఏడు వానలకి అడవంతా జ్వరాలు. నయమైనవాళ్ళని లోపలి గదిలోంచి వెనకదారిన అవతలి లోయకి గాలిమార్పుకి పంపుతున్నానని, వానలు వెలిశాక ఇళ్ళకొస్తారని డాక్టరు చెప్పేవాడు. చుట్టాలు దణ్ణాలు పెట్టి వెళ్ళేవారు.

చుక్కమ్మకి మాత్రం మనసు మనసులో లేదు. నిన్న తల ఎత్తలేని కుందేలు పొద్దున్నే "నడిచి వెళ్ళిపోయాడు" అన్నారు. తల్లి పాలు కూడా మింగలేని దుప్పిపిల్లా అంతే. వాళ్ళ పడకలు తడిమితే ఇంకా వెచ్చగానే ఉన్నాయి. ఒక మధ్యాహ్నం వాన ఆగి పొగమంచు గుహలోకి దిగినప్పుడు ఆమె లోపలి గది గోడకి చెవి ఆనించింది. అప్పటికి నలుగురు వెళ్ళిన గది అది. వినిపించింది ఒకే ఒక్క ఊపిరి. చుక్కమ్మ పదిసార్లు ఊపిరి తీసేలోగా అది ఒక్కసారి తీసింది. ఇన్నేళ్ళలో ఏ రోగి దగ్గరా ఆమె అలాంటిది వినలేదు. ఒంటి మీద ఈకలన్నీ నిక్కబొడుచుకున్నాయి.

"అక్కా, మనకెందుకు చెప్పు," అంది బంగారి. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల!"

"బాతువి, నువ్వా నాకు అడుసు గురించి చెప్పేది? రేపు సాయంత్రం చిట్టిని పంపుతాడట. ఆ మేకపిల్లకి నిలబడే ఓపికే లేదే."

"నిన్నూ పంపిస్తే?"

చుక్కమ్మ భయం లేదని అబద్ధం చెప్పలేకపోయింది.

అంతలో జంబులింగం మూతి తుడుచుకుంటూ వచ్చాడు. "చుక్కమ్మా, రేపు నర్సుల పండగ. అడవంతా వస్తుంది. మీ వృత్తి గురించి నువ్వే రాసి చదవాలి. నర్సంటే చిరునవ్వు, నర్సంటే త్యాగం, నోరెత్తని దేవత... అలా ఓ నాలుగు ముక్కలు."

"నేను చేసే పని గురించేనా అయ్యా?"

"అదేగా చెప్తున్నా!"

"అయితే కొత్తగా రాసేదేముందండీ. రాసిందే ఉంది."

నక్క వినిపించుకోలేదు. మర్నాడు పొద్దున్న ఎప్పట్లాగే పలకలన్నిటి మీదా పంజా వేసి, మెడ చుట్టూ పూలదండ వేసుకున్నాడు.

గుహ ముందు పొగమంచులో జంతువులన్నీ చేరాయి. సభకి పెద్దగా ఎద్దు వీరన్న కూర్చున్నాడు. నర్సులిద్దరూ పలకలు మోసుకొచ్చి వరసగా పేర్చారు. చుక్కమ్మ మొదటి పలక ముందు నిలబడి చదివింది.

"కుందేలు. ఒళ్ళు కాలిపోతోంది. తల ఎత్తలేదు. కింద డాక్టరు గారి ముద్ర. ఆ పొద్దున్నే వెనకదారిన నడిచి వెళ్ళాడన్నారు. దుప్పిపిల్ల. పాలు మింగలేదు. డాక్టరు గారి ముద్ర. అదీ నడిచి వెళ్ళిందన్నారు."

"తల ఎత్తలేనోడు ఎట్లా నడిచాడే తల్లీ!" అని కుందేలు పెళ్ళాం గొల్లుమంది.

"కోడిగీతలు!" అరిచాడు నక్క. "ఇవాళ కూర్చుని కల్పించింది!"

వీరన్న పలక మీదికి వంగి వాసన చూశాడు. "ఎండిన మట్టిలో ముద్ర దిగదు కదయ్యా. ఈ గీతలూ, నీ పంజా రెండూ తడిమట్టిలోనే దిగాయి. నీ విరిగిన గోరు కూడా పడింది చూడు."

"నేను చదవకుండా వేశాను!"

"చదవకుండానా? మరి మా పిల్లల్నైనా చూశావా?" అంది దుప్పిపిల్ల తల్లి.

చుక్కమ్మ చివరి పలక తీసింది. "ఇది ఇవాళ్టిది. లోపలి గది. వెళ్ళినవాళ్ళు నలుగురు. ఊపిరి ఒక్కటే. చాలా పెద్దది." దాని కింద ముద్ర ఇంకా తడిగానే ఉంది.

ఎవరూ కదల్లేదు. ఆ నిశ్శబ్దంలో ఆ ఊపిరి అందరికీ వినిపించింది.

"వెనకదారి ఉందన్నావుగా డాక్టరూ," అన్నాడు వీరన్న. "వెళ్ళి ఒక్కరిని పిలుచుకురా."

"ఒట్టి చేతులతోనా?" నక్క నోరు జారాడు.

"ఒట్టి చేతులతో వెళ్తే ఏమవుతుందయ్యా?" అని అడిగింది చుక్కమ్మ.

నక్క దండ తెంపేసుకున్నాడు. "కొండచిలువ! ఈ గుహ దానిది. ఆకలేసినప్పుడల్లా ఒకరిని పంపితే నన్ను డాక్టరుగా ఉండనిస్తానంది. ఇవాళ దానికి ఆకలి రోజు!"

వీరన్న కొమ్ములు దించాడు. కొమ్ములకి జడిసి నక్క ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ గుహలోకి జరిగాడు. వెనక ఏముందో చూసుకోలేదు. లోపలి గది చీకట్లో తోక మునిగింది, తర్వాత ముఖం మునిగింది.

ఊపిరి ఆగింది. చుక్కమ్మ తనవి పది లెక్కపెట్టింది. లోపల ఏదో మెత్తగా ఈడ్చుకున్న చప్పుడు. మళ్ళీ ఊపిరి మొదలైంది, ముందుకన్నా కొంచెం బరువుగా.

అందరూ కలిసి బండ దొర్లించి గుమ్మం మూసేశారు. చుక్కమ్మ చిట్టిని రెక్క కింద పెట్టుకుంది. జ్వరం కాస్త దిగింది. తడిమట్టి దగ్గరికి లాక్కుని రాసింది: "డాక్టరు గారు లోపలికి నడిచి వెళ్ళారు. ఊపిరి ఒక్కటే." కింద ముద్ర చోటు ఖాళీగా వదిలేసింది.

సేవచేసే చెయ్యి రాసినదాన్ని చదవకుండా ముద్ర వేసినవాడు తన శిక్ష మీద తానే ముద్ర వేసుకుంటాడు.