జానెడు పెట్టె

విశాఖపట్నం ఆటోనగర్‌లోని ఒక చిన్న కార్ఖానాలో ఫాల్గుణ అనే ఇంజనీరు ఉండేవాడు. పనిలో మొనగాడే గానీ, ఎక్కడ కాస్త ఖాళీ కనిపించినా వృథా అనుకునేవాడు, ఎవరు చెప్పినా వినేవాడు కాదు. నేను ఆ కార్ఖానాలో స్టోరు చూసేవాణ్ని. నా కళ్లారా చూసిందే మీకు చెబుతున్నాను.

అక్కడ తయారయ్యేది ఆఫీసుల్లో పెట్టే ఫైబర్ పెట్టె. వీధిలోంచి వచ్చే కేబుల్లో తలవెంట్రుకంత సన్నటి గాజు దారం ఉంటుంది. మాటలూ ఉత్తరాలూ అన్నీ ఆ దారంలో వెలుగై వస్తాయి. ఆ వెలుగును ఫోన్లకూ కంప్యూటర్లకూ పనికొచ్చేలా మార్చేదే ఈ పెట్టె. మొదట్లో అది బీరువా అంత ఉండేది. దానికొక గది, ఆ గదికొక ఏసీ! ఫాల్గుణ వచ్చాక దాన్ని ట్రంకు పెట్టె అంత చేశాడు. తర్వాత అన్నం క్యారేజీ అంత చేశాడు. ఒప్పుకోవాలి, పాదరసంలాంటి బుర్ర.

దారాన్ని దారానికి అతికే పని సువార్తమ్మది. ఇరవై ఏళ్లుగా ఆవిడ అదే బల్ల దగ్గర కూర్చునేది. ఆవిడ అతికిన చోట వెలుగు రవ్వంత కూడా తగ్గేది కాదు. ప్రతి పెట్టెలోనూ ఆవిడ ఒక గజం దారం అదనంగా ఉంచి, గుండ్రంగా చుట్టి, చిన్న పళ్లెంలో పెట్టేది. పనయ్యాక మూత లోపలివైపు పెన్సిలుతో ‘సు’ అని రాసేది. ఆ అక్షరం లేని పెట్టె గేటు దాటేది కాదు. అది మా కార్ఖానా ఆచారం.

ఒక ఏడాది మాకు ఆర్డర్లే రాలేదు. యజమాని అప్పలస్వామి గారు ఒకరోజు అందరినీ పిలిచాడు.

“ఒక బీమా కంపెనీ వాళ్లకి నలభై ఆఫీసులకు పెట్టెలు కావాలట. బల్ల మీద ఓ మూలకు పట్టేలా జానెడే ఉండాలంటున్నారు. ఇది వస్తే నిలబడతాం. రాకపోతే గేటుకు తాళమే” అన్నాడు.

మొత్తం ఇరవై ఇద్దరం ఉన్నాం. అందరూ ఫాల్గుణ వైపు తిరిగారు.

ఫాల్గుణ చేసిన పెట్టె అప్పటికి జానెడు మీద రెండు వేళ్లుంది. వారం రోజులు దాన్ని విప్పాడు, బిగించాడు, మళ్లీ విప్పాడు. ఇక తీయడానికి మిగిలింది ఒక్కటే. సువార్తమ్మ పళ్లెం.

“ఈ చుట్ట ఎందుకు? ఊరికే పడుంది” అన్నాడు.

“ఊరికే కాదు బాబూ” అంది సువార్తమ్మ. “దారం తెగితే మళ్లీ అతకాలి కదా. తెగిన కొసలు రెండూ కోసి శుభ్రం చేస్తేగానీ అతుకు పడదు. కోసినప్పుడల్లా దారం పొట్టిదైపోద్ది. గాజు సాగదు కదా బాబూ. తక్కువైంది ఆ చుట్టలోంచే ఇచ్చుకోవాలి.”

“నా పెట్టెలో తెగనే తెగదు.”

“ఆఫీసన్నాక ఎవరో ఒకరు కదుపుతారు బాబూ. కదపకుండా ఉంటారా?”

“సువార్తమ్మా, అతకడం నీ పని. ఆలోచించడం నా పని. ఎవరి పని వాళ్లు చేసుకుందాం” అన్నాడు ఫాల్గుణ.

తల్లి వయసున్న మనిషితో మాట్లాడే తీరేనా అది! ఆవిడ ముఖం చిన్నబోయింది. నేను పక్కనే ఉన్నాను. ఆవిడ చెప్పింది నిజమని నాకు తెలుసు. అయినా ఆర్డరు పోతుందేమోనన్న భయంతో నోరు మెదపలేదు. అది తలుచుకుంటే నా మీద నాకే ఇప్పటికీ కోపం వస్తుంది.

పళ్లెం పోయింది. పెట్టె సరిగ్గా జానెడైంది. బీమా కంపెనీ వాళ్లు వచ్చి కొలిచారు, పరీక్షించారు, మెచ్చుకున్నారు. ఆర్డరు మాకే వచ్చింది. అప్పలస్వామి గారు అందరికీ మాడుగుల హల్వా పంచాడు. నలభై పెట్టెల్లోనూ దారం అతికింది సువార్తమ్మే. కానీ మూత లోపల అక్షరం మాత్రం రాయనంది.

“తప్పని తెలిసి నా పేరెలా పెట్టుకోను బాబూ?” అంది.

“నువ్వు రాయకపోతే ఆగిపోతుందా?” అని ఫాల్గుణ నలభై మూతల లోపలా ‘ఫా’ అని రాసుకున్నాడు. మూడు నెలలు ఒక్క ఫిర్యాదూ రాలేదు. “చూశావా?” అని రోజూ దెప్పేవాడు. ఆవిడ తల వంచుకుని తన పని తాను చేసుకునేది.

ఇంతలో దసరా వచ్చింది.

మన ఆఫీసుల సంగతి మీకు తెలుసు కదా. ఆయుధ పూజకు ప్రతి మిషన్నీ ముందుకు లాగాలి, తుడవాలి, పసుపు రాసి బొట్టు పెట్టాలి, బంతిపూల దండ వేయాలి. మా కార్ఖానాలోనూ అంతే. ఫాల్గుణే స్వయంగా దారం అతికే మిషన్ని ముందుకు లాగి బొట్టు పెట్టాడు. అప్పుడైనా తట్టిందా? తట్టలేదు. అదే పూజకు నలభై ఆఫీసుల్లో అటెండర్లు, పాపం ఎంతో భక్తిగా, మూలనున్న కొత్త పెట్టెను కాస్త ముందుకు లాగారు. వెనక దారానికి మిగులు లేదు. ముప్పై నాలుగు చోట్ల పుటుక్కున తెగింది.

సెలవులయ్యాక ఆఫీసులు తెరిచారు. అక్కడ ఫోను లేదు, కంప్యూటరు లేదు. సెల్‌ఫోన్ల నుంచి వాళ్లు చేసే ఫోన్లతో మా కార్ఖానా మాత్రం మోగిపోయింది. ఫాల్గుణ సువార్తమ్మనూ నన్నూ జీపెక్కించుకుని అనకాపల్లి ఆఫీసుకు పరిగెత్తాడు.

పెట్టె మీద దండ అప్పటికే వాడిపోయింది. సువార్తమ్మ దండ పక్కన పెట్టి మూత తీసింది. తెగిన కొసలు రెండూ కోసి శుభ్రం చేసింది. ఒకటి కుడిచేత, ఒకటి ఎడమచేత పట్టుకుని దగ్గరకు తెచ్చింది. కలవలేదు. మధ్యలో రెండంగుళాలు తక్కువ. ఖాళీ అంటేనే గిట్టని మనిషి ఆ రెండంగుళాల ఖాళీని చూస్తూ నిలబడిపోయాడు.

“కేబుల్ ఇంకాస్త లాగితే?” అన్నాడు.

“గోడలో బిగించేశారు బాబూ. రాదు.”

“పోనీ, మధ్యలో ముక్క వేసి అతికితే?”

“అతకొచ్చు. అప్పుడు అతుకులు రెండవుతాయి. ఆ రెండూ పెట్టడానికి చోటేది బాబూ?”

చోటు లేదు. అతనే తీసేశాడు.

పెట్టె పక్కన ఇంకో చిన్న పెట్టె తగిలించి, అతుకులు అందులో పెడతామని ఫాల్గుణ అక్కడి మేనేజరును బతిమాలాడు.

“చిన్న పెట్టె తీసుకున్నది పక్కన ఇంకోటి తగిలించుకోవడానికా?” అన్నాడు మేనేజరు. “భర్త పోయిన ఒకావిడ పొద్దున్నుంచీ ఆ బెంచీ మీద కూర్చునుంది. ఆమె కాగితం కదలడం లేదు. ఆమెకేం చెప్పమంటారు? చాలు, తీసుకుపోండి.”

నలభై పెట్టెలూ వెనక్కి వచ్చేశాయి. స్టోరులోకి నేనే దించుకున్నాను. ప్రతి మూతకూ పైన పసుపు మరక, లోపల ‘ఫా’. కార్తీకం వెళ్లేలోగా కార్ఖానా మూతపడింది. అప్పలస్వామి గారు గేటుకు తాళం వేసి, మా ముఖాలు చూడలేక అటు తిరిగి వెళ్లిపోయాడు. ఇరవై ఇద్దరం తలో దిక్కూ పోయాం.

సువార్తమ్మ రొయ్యల ఫ్యాక్టరీలో చేరింది. పొద్దస్తమానం ఐసు నీళ్లలోనే చేతులు. ఏడాది తర్వాత ఫాల్గుణ ఆవిడను వెతుక్కుంటూ వెళ్లాడు. నన్నూ తోడు తీసుకెళ్లాడు. మనిషి సగమైపోయాడు. ఆవిడ బయటికి రాగానే చేతులు జోడించాడు.

“తప్పు నాదే పిన్నీ” అన్నాడు. “ఇంకోచోట పని దొరికింది. ఈసారి పళ్లెం ఉంచే పెట్టె చేస్తాను. నువ్వొచ్చి అతికిపెట్టు. మూత లోపల నీ అక్షరమే ఉంటుంది.”

ఆవిడ రెండు చేతులూ చాపి చూపించింది. వేళ్లు ఉబ్బిపోయాయి. కొసలు పగిలి ఉన్నాయి.

“అప్పుడు వినుంటే బాగుండేది బాబూ” అంది. “ఇప్పుడు సూదిలో దారమే ఎక్కించలేకపోతున్నాను.”

ఆ మాటలో కోపం కూడా లేదు. కోపముంటే కాస్త తేలికగా ఉండేదేమో మాకు. షిఫ్టు గంట కొట్టారు. ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. ఫాల్గుణ గేటు దగ్గరే కూలబడి ఏడ్చాడు. నేను ఓదార్చలేదు. ఏ ముఖం పెట్టుకుని ఓదార్చను? ఆ రోజు నోరు మూసుకున్నవాణ్ని నేనే కదా.

అందుకే చెబుతున్నాను, గుర్తుపెట్టుకోండి: వృథాగా కనిపించిన ప్రతిదీ వృథా కాదు, ఏదైనా తీసేసే ముందు దాన్ని అక్కడ పెట్టినవాళ్లను ఎందుకు పెట్టారని అడగాలి, చెప్పింది వినాలి, విన్నది నిజమైతే పక్కనున్నవాడూ నోరు విప్పాలి.